పాఠం చెప్పిన విమానం – కిరణ్

పావగడ నుండి మధుగిరి, కొరటగెరె మీదుగా బెంగుళూరు చేరి, అక్కడి పాత విమానాశ్రయ రహదారి వెంట సాగితే హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థవారి వారసత్వ ప్రదర్శనశాల కానవస్తుంది. 2001లో వెలసిన ఈ ప్రదర్శనశాలకు విజ్ఞానయాత్రపై వచ్చే బాలబాలికలు సహజంగానే మారుత్, మిగ్ వంటి యుద్ధవిమానాల చుట్టూ గుమికూడుతారు. వాటి సరసనే గుండ్రని ముక్కుతో, వెడల్పాటి అద్దపు కప్పుతో నిలిచిన కిరణ్ విమానం వద్ద ఎక్కువసేపు ఆగేవారు తక్కువ. శత్రువిమానాన్ని కూల్చిన కీర్తి దానికి లేదు. అది చేసిన పని పాఠం చెప్పడం.

బెంగుళూరులో ఈ విమాన కర్మాగారం 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ చొరవతో ఆరంభమైంది. మైసూరు సంస్థానం దానికి భూమిని ఇచ్చి, పెట్టుబడిలోనూ పాలుపంచుకొన్నది. తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా నాడు ఆ సంస్థానంలోనిదే. మూడువైపులా మాత్రం మదరాసు రాజధానికి చెందిన అనంతపురం జిల్లా. కరవును నమ్ముకొని బ్రతికిన ఈ నేల రైతులు కట్టిన శిస్తులో ఏ కొంచెమో ఆ కర్మాగారపు పునాదిరాళ్ళలో కలిసి ఉంటుందని అనుకోవడం అతిశయోక్తి కాబోదు.

కిరణ్ రూపశిల్పి డాక్టర్ విష్ణు మాధవ్ ఘాటగే. కొల్హాపూరు ప్రాంతంలో 1908లో జన్మించిన ఆయన జర్మనీలోని గొట్టింగెన్‌లో ప్రఖ్యాత శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాండ్టల్ వద్ద విద్య నేర్చారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో విమానశాస్త్ర శాఖ 1942లో ఏర్పడినప్పుడు దానిని తీర్చిదిద్దిన వారిలో ఆయన ఒకరు. ఉపాధ్యాయ వృత్తి ఎరిగిన చేతితోనే శిక్షణ విమానాలు రూపొందడం గమనించదగిన విషయం. 1951లో ఎగిరిన హెచ్.టి.-2 ఆయన తొలి విజయం. అది పంకాతో నడిచేది. జెట్ యుగం వచ్చేసరికి విద్యార్థులకు జెట్ విమానం అవసరమైంది. 1961లో కిరణ్ రూపకల్పన మొదలైనది గాని, అదే కాలంలో మారుత్ యుద్ధవిమానానికి ప్రాధాన్యమివ్వవలసి రావడంతో పని మందగించింది. చదువుకు కావలసినది యుద్ధానికి కావలసిన దాని వెనుక నిలవడం ఒక్క ఈ విషయంలోనే జరిగిందా?

ఎట్టకేలకు 1964 సెప్టెంబరు 4న కిరణ్ తొలిసారి గగనానికెగసింది. నడిపినవారు సంస్థ ప్రధాన పరీక్షక పైలటు, వింగ్ కమాండర్ సురంజన్ దాస్. మూడేండ్ల క్రితం, 1961 జూన్ 17న, మారుత్‌ను మొదట ఎగురవేసినదీ ఆయనే. 1968లో కిరణ్ వాయుసేనలో చేరింది. బ్రిటిషువారి వైపర్ ఇంజను, ఆపద వేళ పైలటును ఆసనంతో సహా వెలుపలికి విసిరి ప్రాణం కాపాడే ఏర్పాటు, ఎత్తులలో ఊపిరికి ఇబ్బంది లేకుండ గాలి పీడనాన్ని నిలిపే గది అందులో ఉండేవి. ఇంతకంటె శక్తిమంతమైన ఆర్ఫియస్ ఇంజనుతో రెండవ రకం 1976లో ఎగిరింది. వీటి నిర్మాణం 1989 వరకు సాగింది.

ఈ విమానపు విశేషమంతా దాని ఆసనాలలో ఉన్నది. హెచ్.టి.-2లో గాని, నేటి హాక్‌లో గాని గురుశిష్యులు ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు. కిరణ్‌లో మాత్రం ప్రక్కప్రక్కన కూర్చుంటారు. శిష్యుని చేయి ఎక్కడ తడబడుతున్నదో, చూపు ఏ ముల్లుపై నిలవవలసి ఉండి ఎక్కడికి పోతున్నదో గురువు తల తిప్పి చూడగలడు. ఒకటవ తరగతి పంతులమ్మ పిల్లవాని ప్రక్కన చతికిలబడి, పలకపై వాని చేయి పట్టుకొని ‘అ’ దిద్దించిన పద్ధతే ఇది. వేలాది అడుగుల ఎత్తున, గంటకు ఆరువందల కిలోమీటర్లకు పైబడిన వేగంతో అక్షరాభ్యాసమన్నమాట!

ఆ అక్షరాభ్యాసానికి తెలుగునేల పెద్ద పాఠశాల అయినది. హైదరాబాదు శివార్లలోని దుండిగల్‌లో వాయుసేన అకాడమీకి 1967లో నాటి రాష్ట్రపతి జాకిర్ హుసేన్ శంకుస్థాపన చేశారు. 1971లో అది పనిచేయసాగింది. దుండిగల్‌లోను, సమీపాన ఉన్న హకీంపేటలోను, కర్ణాటక సరిహద్దులోని బీదరులోను కిరణ్‌లు తరతరాల యువకులకు ఆకాశాన్ని నేర్పాయి.

1996లో బీదరు కేంద్రంగా ‘సూర్యకిరణ్’ విన్యాస బృందం ఏర్పడింది. తొమ్మిది కిరణ్‌లు రెక్కకు రెక్క ఆనించినట్లు ఎగురుతుంటే జనం తలలెత్తి చూసి కేరింతలు కొట్టేవారు. అయితే 2009లో ప్రమాదాల కారణంగా దీపక్ అనే ప్రాథమిక శిక్షణ విమానాలను నేలకు దింపవలసి వచ్చింది. ఓనమాల నుండి నేర్పే భారం కిరణ్‌పైనే పడింది. ఉన్న విమానాలు చాలలేదు. 2011 ఫిబ్రవరిలో బెంగుళూరు యలహంక వైమానిక ప్రదర్శన ముగిసిన పిమ్మట సూర్యకిరణ్ బృందం ఆగిపోయింది, దాని విమానాలు శిక్షణకు మళ్ళాయి. చప్పట్ల నడుమ నుండి తరగతి గదికి తిరిగి వచ్చిన ఈ ఘట్టమే కిరణ్ చరిత్రలో అన్నిటికంటె గొప్పదని చెప్పవచ్చు. స్విట్జర్లాండు నుండి కొత్త ప్రాథమిక శిక్షణ విమానాలు 2013లో వచ్చేవరకు ఆ భారాన్ని అది మోసింది.

ఆడపిల్లల తల్లిదండ్రులు గుర్తుంచుకోదగిన తేదీ 2016 జూన్ 18. అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఆనాడు దుండిగల్‌లో దేశపు తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లుగా నియుక్తులైనారు. అంతకుముందు వారు హకీంపేటలో జెట్ విద్య నేర్చినది కిరణ్‌పైనే.

విశాఖపట్నం సముద్రతీరంలో 1971 యుద్ధ విజయస్తూపం ఉన్నది. ఆ తీరంలోనే 2002 నుండి కుర్సురా జలాంతర్గామి, 2017 నుండి టి.యు.-142 విమానం ప్రదర్శనకు నిలిచి ఉన్నాయి. అవి ఆ గౌరవానికి అర్హమైనవే. కాని శాంతికాలంలో, నేర్పుతూనో నేర్చుకొంటూనో పరీక్షిస్తూనో ప్రాణాలు విడిచినవారి పేర్లకు స్తూపాలు అరుదు. 2009 జనవరిలో బీదరు వద్ద సూర్యకిరణ్ బృందపు పైలటు ఒకరు, 2010 మార్చి 3న హైదరాబాదు బేగంపేట ప్రదర్శనలో నౌకాదళపు కిరణ్ కూలి ఇద్దరు అధికారులు కన్నుమూశారు. అప్పుడు ఏ యుద్ధమూ జరగడం లేదు.

కిరణ్‌ను తొలిసారి ఎగురవేసిన సురంజన్ దాస్ సైతం 1970 జనవరి 10న బెంగుళూరులో మారుత్‌ను పరీక్షిస్తూ మరణించారు. ప్రదర్శనశాలకు వెళ్ళే పాత విమానాశ్రయ రహదారిని పాత మదరాసు రహదారితో కలిపే వీధికి ఆయన పేరే పెట్టారు. నగర బస్సుల నామఫలకాలపైన, అంగళ్ళ బోర్డులపైన ఆ పేరు ప్రతిదినమూ కనబడుతూనే ఉంటుంది.