పగలు సంత, రాత్రి సినిమా

పదవీ విరమణ చేసిన మరుసటి ఏడు, 2012లో, మా అబ్బాయి దగ్గరకు అమెరికా వెళ్ళాను. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఒక సంత చూపించాడు. చుట్టూ సినిమా తెరలు, నడుమ అంగళ్లు!

కారులో కూర్చునే సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటరును 1933లో న్యూజెర్సీలో రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ ప్రారంభించారు. కారుకు పాతిక సెంట్లు, మనిషికి పాతిక సెంట్లు. 1950ల చివరికి అవి దేశంలో సుమారు నాలుగు వేలయ్యాయి.

ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ప్రెస్టన్ హెన్ 1963లో థండర్‌బర్డ్ డ్రైవ్-ఇన్ తెరిచారు. పొద్దుగూకితే గాని బొమ్మ పడదు. పగలంతా స్థలం ఖాళీ. పన్ను మాత్రం పగటికీ కట్టాలి గదా! (రెవెన్యూలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, నా దృష్టి అటే పోతుంది.) కొన్నేళ్లకే ఆయన అక్కడ పాత సామాన్ల సంత పెట్టించారు. అదే స్వాప్ షాప్. టీవీలు, వీడియోలు వచ్చి, స్థలాల ధరలు పెరిగి ఎన్నో డ్రైవ్-ఇన్‌లు మూతపడ్డా, ఇక్కడ ఒక్క తెర కాస్తా పద్నాలుగు దాకా పెరిగింది.

ఆ సంతలో నా ఈడాయన ఒకరు తన వడ్రంగి పనిముట్లు అమ్ముతున్నారు. పింఛను చాలడం లేదట. మూడు డాలర్లకు ఒక బాడిసె తీసుకున్నాను. బేరమాడటానికి నోరు రాలేదు.