మైలమూట విప్పే చేతులు: అంటువ్యాధుల చరిత్రలో వస్త్రశుద్ధి

ఉపోద్ఘాతం

తెలుగు వ్యవహారంలో 'మైల' అంటే బట్టకు పట్టిన మురికి. పురుడు, మరణం వంటి సందర్భాల్లో పాటించే అశౌచం కూడా. ఈ రెండర్థాలూ కలిసే చోటు చాకిరేవు. ఇంటివారు ముట్టకుండా పక్కన పెట్టిన బట్టల మూటను విప్పేది రజకవృత్తిలో ఉన్నవారే. కాబట్టి బట్టల ద్వారా వ్యాధి సోకుతుందా అన్న ప్రశ్నను బట్ట యజమాని వైపు నుంచి కాక, ఆ మూట విప్పే చేతుల వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యాధులు, వాటి మార్గాలు

బట్టకు, వ్యాధికి గల సంబంధం అన్ని వ్యాధులలోనూ ఒకటి కాదు. కలరా రోగి పక్కబట్టలను తాకిన చేతుల ద్వారా ఆ వ్యాధి ఆహారంలోకి చేరవచ్చునని జాన్ స్నో 1855లోనే వివరించాడు. 1884లో కలకత్తాలో పరిశోధన చేసిన రాబర్ట్ కాక్, కలరా మృతుని బట్టలు ఉతికిన చెరువు నీటిలో ఆ సూక్ష్మజీవిని గుర్తించాడు. తడిబట్టపై అది వృద్ధి చెందుతుందనీ, ఆరితే నశిస్తుందనీ నిరూపించాడు. బట్టను పూర్తిగా ఎండబెట్టడం ఎందుకు అవసరమో దీనివల్ల స్పష్టమైంది.

ప్లేగు విషయం వేరు. 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడిన తరువాత 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. అధికారులు ఇళ్లను సోదా చేసి, రోగుల బట్టలను, సామగ్రిని తగలబెట్టించారు. ఎలుకల మీది గోమార్లు వ్యాధిని మోస్తాయని పాల్ లూయీ సిమాన్ 1898లో కరాచీలో ప్రయోగపూర్వకంగా చూపాడు. అంటే మార్గం తెలియక ముందే శిక్ష బట్టమీద పడింది.

మశూచి వైరస్ వ్యాధి. పొక్కుల రసి, రాలిన పెచ్చులు పక్కబట్టలకు అంటుకొని ఉంటాయి. అందుకే రోగుల బట్టలు ఉతికినవారికి ఆ వ్యాధి సోకిన ఉదంతాలు వైద్య చరిత్రలో నమోదయ్యాయి. బట్ట భయం పూర్తిగా న్యాయమైన సందర్భం ఇది.

కోవిడ్ కాలం

2020 మార్చిలో వెలువడిన ఒక ప్రయోగశాల అధ్యయనం, కరోనా వైరస్ ప్లాస్టిక్, స్టీలు ఉపరితలాలపై 72 గంటల వరకు గుర్తించదగిన స్థితిలో ఉంటుందని తెలిపింది. ఆ అధ్యయనంలో వస్త్రాన్ని పరీక్షించలేదు. అయినా ఆ భయం బట్టలకూ విస్తరించింది. ఉపరితలాల ద్వారా సోకే అవకాశం చాలా తక్కువని, గాలి ద్వారా వ్యాప్తే ప్రధానమని 2021 నాటికి స్పష్టపడింది.

అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల బట్టల విషయమై ఇచ్చిన సూచనలు మన పరిశీలనకు ముఖ్యం. యంత్రంలోనైతే 60 నుంచి 90 డిగ్రీల వేడినీటిలో సబ్బుతో ఉతకాలి. యంత్రం లేకపోతే పెద్ద పాత్రలో వేడినీరు, సబ్బు వేసి, నీళ్లు చిందకుండా కర్రతో కలియబెట్టాలి. వేడినీరు లేకుంటే 0.05 శాతం క్లోరిన్ ద్రావణంలో సుమారు 30 నిమిషాలు నానబెట్టాలి. చివరకు జాడించి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. మాసిన బట్టలను దులపరాదని కూడా ఆరోగ్య సంస్థలు హెచ్చరించాయి.

చాకలి బాన, ఉబ్బ పెట్టడం, రేవు ఒడ్డున ఆరేయడం తెలిసిన తెలుగు పాఠకునికి ఈ సూచనల్లో కొత్తదనం తక్కువే. సబ్బు వైరస్ కొవ్వు పొరను ఛేదిస్తుందన్న వివరణ ఆధునికమైనది. వేడి, క్షారం, ఎండ అన్న మూడు సాధనాలు మాత్రం వృత్తిజ్ఞానంలో ముందునుంచీ ఉన్నవే. అయితే దీనిని గతాన్ని కీర్తించడానికి వాడుకోరాదు. మూట విప్పి బట్టలను విడదీయడం, బండపై బాదడం, చేతికి తొడుగు లేకపోవడం అనే ప్రమాద ఘట్టాలు కూడా ఆ వృత్తిలోనే ఉన్నాయి. బట్ట ఉడికాక శుభ్రమవుతుంది; అపాయం అంతకుముందే చేతికి తగులుతుంది.

ఉపసంహారం

2020 లాక్‌డౌన్‌లో అనేక ఇళ్లవారు బట్టలు వేయడం మానుకోవడంతో రజకులు ఉపాధి కోల్పోయారు. ఉతికేవారి ద్వారా వ్యాధి వస్తుందన్న అనుమానం దీనికి ఒక కారణం. రోగి బట్ట ఇంటినుంచి రేవుకు వెళ్తుంది కనుక, ఉతకక ముందు అపాయం ఉన్నది ఉతికేవారికే. అనుమానం మాత్రం ఎదురు దిశలో నడిచింది. మైల భావనకు అలవాటుపడిన సమాజంలో ఇది యాదృచ్ఛికం కాదు. రోగి బట్టలను విడిగా కట్టి, ఆ సంగతి ముందుగా చెప్పి అప్పగించడం, తొడుగులు, సబ్బు సమకూర్చడం ఇంటివారి బాధ్యత. వస్త్రశుద్ధి చరిత్రను రాసేటప్పుడు బట్టతోపాటు ఆ చేతులనూ నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.