కోవిడ్ పునఃసంక్రమణ, వదలని పాజిటివ్

కోవిడ్ తగ్గినవారికి మళ్లీ పాజిటివ్ వస్తే కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి. వైరస్ కొత్తగా సోకి ఉండవచ్చు, ఇది పునఃసంక్రమణ. లేదా పాత వైరస్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ముక్కులో, గొంతులో మిగిలి ఉండవచ్చు. ఆర్‌టీ-పీసీఆర్ ఆ జన్యు పదార్థాన్ని పట్టుకుంటుందే గానీ వైరస్ బతికుందో లేదో చెప్పదు. చాలామంది పది రోజుల తర్వాత ఇతరులకు అంటించరు. పరీక్ష మాత్రం వారాల తరబడి, ఒక్కోసారి మూడు నెలల దాకా పాజిటివ్ చూపుతుంది. ఆర్‌ఎన్‌ఏ బాగా తగ్గిన దశలో ఒకరోజు నెగెటివ్, మర్నాడు పాజిటివ్ రావడమూ మామూలే. స్వాబ్ తీసిన తీరు మారినా ఫలితం మారుతుంది.

2020 వేసవిలో దక్షిణ కొరియాను కలవరపెట్టింది ఇదే. కోలుకుని ఇళ్లకు వెళ్లినవారిలో వందలమందికి మళ్లీ పాజిటివ్ వచ్చింది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ అలాంటి 285 మందిని, వారిని కలిసిన 790 మందిని పరిశీలించింది. వీరి నుంచే సోకిందని తేలిన కేసు ఒక్కటీ లేదు. 108 మంది నమూనాలను కల్చర్ చేసినా బతికున్న వైరస్ పెరగలేదు.

అసలైన పునఃసంక్రమణకు తొలి గట్టి రుజువు అదే ఏడాది ఆగస్టులో హాంకాంగ్‌లో దొరికింది. మార్చిలో కోవిడ్ వచ్చిన 33 ఏళ్ల వ్యక్తి యూరప్ నుంచి తిరిగొస్తే, విమానాశ్రయంలో పాజిటివ్ అని తేలింది. లక్షణాలేమీ లేవు. రెండింటి మధ్య 142 రోజులు. రెండు వైరస్‌ల జన్యుక్రమాలు పోల్చితే 24 చోట్ల తేడా కనిపించింది. అవి వేర్వేరు శాఖలవి.

నిక్కచ్చిగా తేల్చేది ఈ పోలికే. అయితే మొదటి నమూనాను దాచి ఉంచడం అరుదు కాబట్టి గడువు లెక్క వాడుకలోకి వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి కనీసం 102 రోజుల ఎడం, మధ్యలో ఒక నెగెటివ్ ఉండాలంది. అమెరికా, బ్రిటన్ 90 రోజులు పెట్టుకున్నాయి. లెక్కింపుకు పనికొచ్చే గీతలే తప్ప ఇవి శరీర ధర్మాలు కావు. డెల్టా తగ్గిన కొద్ది వారాలకే ఒమిక్రాన్ సోకినవారున్నారు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలోనైతే పాత వైరసే నెలల తరబడి బతికి, లోపలే మార్పులు చెందుతుంది.

సీటీ విలువ, అంటే ఆర్‌టీ-పీసీఆర్‌లో వైరస్ కనిపించడానికి పట్టిన చక్రాల సంఖ్య, కొంత ఆధారం: అది తక్కువైతే వైరస్ ఎక్కువ, మూడు పైచిలుకు తేడాకు సుమారు పదిరెట్లు. అయినా ఒక్క అంకెతో తీర్పు చెప్పలేం. కొత్త లక్షణాలు, రోగితో మెలిగిన సందర్భం కూడా చూడాలి. తగ్గిన మూడు నెలల్లోపు మళ్లీ దగ్గు, జ్వరం వస్తే, ముందు చేయించుకోదగింది యాంటిజెన్ పరీక్ష. పాత ముక్కలకు అది తేలిగ్గా పాజిటివ్ చూపదు.