తిరువొత్తియూరు బుల్లెట్టు - దాని హ్యాండిల్‌బారు

చెన్నపట్టణపు తెలుగువారికి తిరువొత్తియూరు రెండు విధముల పరిచితము. త్యాగరాజస్వామి (1767-1847) ఆ క్షేత్రమునకు విచ్చేసి త్రిపురసుందరీదేవిపై తెలుగున అయిదు కృతులు రచించిరి. అవి తిరువొత్తియూరు పంచరత్నములని ప్రసిద్ధి గాంచినవి. ఇది మొదటి పరిచయము. రెండవది బుల్లెట్టు మోటారు సైకిలు. మన దేశపు బుల్లెట్టు పెరిగి పెద్దదైనది ఆ యూరి కర్మాగారముననే.

కృతులను గూర్చి పెద్దలెందరో వ్రాసియున్నారు. మేము రెండవదానిని గూర్చి, అందులోను దాని హ్యాండిల్‌బారును గూర్చి వ్రాయదలచితిమి. సంగీతము ప్రక్కన ఈ ఇనుప కమ్మీ ఏమిటని చదువరులు నవ్వవచ్చును. ముప్పది యేండ్లకు పైగా ఆ కమ్మీని పట్టుకొని కచేరికి పోయి వచ్చిన గుమాస్తాకు అదియు చరిత్రయే.

ముందుగా దాని పుట్టుపూర్వోత్తరములు. 1817లో జర్మనీ దేశమున కార్ల్ డ్రైస్ అను నాతడు, కాళ్లతో నేలను తన్నుచు సాగు రెండు చక్రముల బండిని నిర్మించి, ముందు చక్రమును త్రిప్పుటకు ఒక మీటను అమర్చెను. హ్యాండిల్‌బారునకు అదియే మూలపురుషుడు. 1885లో డైమ్లర్, మేబాక్ అనువారు అట్టి చట్రమునకు పెట్రోలు ఇంజను తగిలించిరి. అంతదనుక హ్యాండిల్‌బారు ముఖ్యమైన పని దారి త్రిప్పుటయే. ఇంజను వచ్చినది మొదలు పనులు పెరిగినవి. తొలినాటి బండ్ల కమ్మీమీద గాలికొక మీట, పెట్రోలు ఆవిరికొక మీట, నిప్పురవ్వ పుట్టు వేళను మార్చుట కొక మీట ఉండెడివి. నడుపువాడు దారిని చూచుటా, మీటలను చూచుటా అన్నట్లుండెను. పిడిని త్రిప్పినంతనే వేగము పెరుగు ఏర్పాటు క్రమముగ వాడుకలోనికి వచ్చినపిమ్మట గాని ఆ బెడద తీరలేదు.

ఇంగ్లండులో రెడ్డిచ్ పట్టణమందలి రాయల్ ఎన్‌ఫీల్డువారు 1901లో మోటారు సైకిళ్లు చేయ మొదలిడిరి. వారి బుల్లెట్టు 1932లో వెలసెను. స్వాతంత్ర్యానంతరము మన సైన్యమునకు సరిహద్దుల గస్తీకై గట్టి బండ్లు కావలసివచ్చి బుల్లెట్టును ఎన్నుకొనిరి. ఆ ఆధారముతో 1955లో మద్రాస్ మోటార్సువారును ఇంగ్లండు సంస్థవారును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించిరి. తొలుత ఓడలలో దిగిన భాగములను ఇచ్చట కూర్చుట మాత్రమే జరిగెను. 1957లో తయారీ పనిముట్లు సైతము వచ్చెను. 1962 నాటికి భాగములన్నియు ఇచ్చటనే తయారగుచుండెను. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతబడెను. 1970తో ఇంగ్లండున ఆ బండ్ల తయారీయే ఆగెను. కన్నవారింట నిలువని బిడ్డ పెంచినవారింట నిలిచెను. 1977లో ఇచ్చటి బుల్లెట్లు తిరిగి ఇంగ్లండునకే ఎగుమతియైనవి.

ఇంగ్లండున 1950-60ల నడుమ యువకులు హోటలు నుండి హోటలునకు పందెములు వేసికొని బండ్లు నడుపుచుండిరి. వారు ఎత్తైన కమ్మీలు తీసివేసి పొట్టి, పల్లపు కమ్మీలు బిగించుకొనిరి. ఆ మోజు చూచి రాయల్ ఎన్‌ఫీల్డువారే 1964లో అట్టి కమ్మీతో కాంటినెంటల్ జీటీ అను బండిని విడుదల చేసిరి. అమెరికాలో ఇందుకు విరుద్ధముగ భుజములను మించిన ఎత్తు కమ్మీలు కొందరికి ముచ్చటయైనవి. 1969 నాటి ఈజీ రైడర్ చలనచిత్రము వానిని లోకమునకు చూపెను. మన బుల్లెట్టు ఈ రెండు దారులను పోలేదు. వీపు నిటారుగ నిలిపి, మోచేతులు కొంచెము వంచి పట్టుకొనదగిన నడిమిరకపు కమ్మీతోనే అది దశాబ్దములు సాగెను. దానిని నడిపినది పోలీసు, జవాను, తపాలా తెచ్చువాడు, పాలవ్యాపారి, వెనుక చీరకట్టుతో ఒకవైపు తిరిగి కూర్చున్న ఇల్లాలు గల సంసారి. వీరెవరును పందెగాండ్రు కారు.

ఈ తేడాలకు కారణము కేవలము మోజు కాదు. పల్లపు కమ్మీ పట్టిన మనిషి ముందుకు వంగును. వంగిన దేహపు బరువు మణికట్లపై పడును. బండి మిక్కిలి వేగముగ పోవునపుడు ఎదురుగాలి రొమ్మును తాకి ఆ బరువును కొంత మోయును. మన వీథులలో ఇరువది మైళ్ల వేగమున ఆ గాలి యెక్కడ? బరువంతయు మణికట్లే మోయవలెను. ఇక కమ్మీ వెడల్పు. గునపమెంత పొడవైన బరువెత్తుట అంత సులువు. అట్లే కమ్మీ ఎంత వెడల్పైన చక్రమును త్రిప్పుట అంత సులువు. కాని సందులలో దూరుట కష్టము.

ఈ సూత్రములు మేము చదివి నేర్చినవి కావు, నొప్పివలన నేర్చినవి. మేము 1986లో ఒక పాత బుల్లెట్టును కొంటిమి. గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు గల పాతకాలపు బండి. 2015 డిసెంబరు వరదలలో అది వాకిట ఒరిగి గోడకు కొట్టుకొని, కమ్మీ ఎడమవైపు వంగిపోయెను. ఒక దుకాణమువారు అసలుది దొరకదని చెప్పి, కుర్రవాండ్రు మెచ్చు పల్లపు కమ్మీ బిగించిరి. నాలుగేండ్లు మణికట్ల నొప్పితో నడిపితిమి. ఉద్యోగ విరమణానంతరము మా అబ్బాయి, "నాన్నా, ఆ బండి అమ్మేయండి, ఇంక మీవల్ల కాదు" అనెను. మా ఇంటివారు మాత్రము, "ఏమండీ, చెప్పు కరిస్తే చెప్పు మారుస్తాం గాని నడక మానుకుంటామా?" అనిరి.

ఆ మాట పట్టుకొని మరల ఆ దుకాణమునకే పోతిమి. వారు ఈసారి మొదటి దానికన్నను నాలుగంగుళములు ఎత్తైన కమ్మీని అరగంటలో బిగించి పంపిరి. మూడవనాడు మా ఇంటివారిని వెనుక కూర్చుండబెట్టుకొని తొండయార్‌పేటలో ఒక మలుపు తిరుగుచుండగా, పిడి త్రిప్పకయే ఇంజను హోరెత్తెను. బండి ముందుకు దూకెను. ఎదుట తోపుడుబండితో ఒక ముసలమ్మ. ఎడమచేతి క్రింద నున్న డీకంప్రెసర్ మీటను ఎట్లు నొక్కితిమో తెలియదు. ఇంజను ఆగెను. బండి ఆమెకు మూరెడు దూరమున నిలిచెను. ఆమె మమ్ము తిట్టిన తిట్లు న్యాయమైనవి. ఆనాడే బండిని అమ్మివేయుటకు నిశ్చయించుకొంటిమి.

బండిని త్రోసికొని పోవుచుండగా దారిలో ఒక వృద్ధ మేస్త్రి మమ్ము ఆపెను. ఆయన తాతగారు నెల్లూరు ప్రాంతము నుండి వచ్చి ఉత్తర చెన్నపట్టణమున స్థిరపడినవారట. మాది అట్టి కుటుంబమే. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడి చెన్నపట్టణము ఇవతలనే మిగిలినపుడు, పోయినవారు పోగా నిలిచిపోయినవారి సంతతి మేమిరువురము. ఆయన కమ్మీని ఒకసారి అటునిటు త్రిప్పి చూచి ఇట్లనెను: "కమ్మీ మార్చినారు గాని కేబుళ్లు మార్చలే అయ్యా. చక్రం తిప్పినప్పుడు తీగ చాలక లాగతా ఉంది. బండి తప్పేం లే."

కమ్మీ ఎత్తు పెరిగినపుడు దానివెంట క్లచ్చి, ముందు బ్రేకు, ఆక్సిలరేటరు, డీకంప్రెసర్ అను నాలుగు కేబుళ్లును పొడవు పెరుగవలెను. పొట్టి కేబులు మలుపులో బిగుసుకొని, పై తొడుగు కదలి, లోని తీగ తనంతట లాగబడును. అంతట చేయి కదలకయే వేగము పెరుగును. ఈ చిన్న సంగతి మరచినందున ఒక ప్రాణము పోవలసినది.

మర్నాడు మేస్త్రి చేసిన పనిని ప్రక్కనే కూర్చుండి ఆసాంతము చూచితిమి. పాత బండ్లు గల చదువరులకు పనికివచ్చునని దానిని వ్రాయుచున్నాము. మొదట బ్యాటరీ తీగ విప్పెను. పెట్రోలు ట్యాంకుపై పాత దుప్పటి కప్పెను. మమ్ము బండిపై కూర్చుండబెట్టి, కన్నులు మూసికొని చేతులు సహజముగ చాపుమనెను. చేతులు నిలిచిన చోటును టేపుతో కొలిచి, ఆ కొలతకు సరిపోవు కమ్మీని తెప్పించెను. దాని లావు బుల్లెట్టునకు తగినట్లు 22 మిల్లీమీటర్లు. "వంగినదాన్ని సరిచేసి వేయరాదా?" అని మేము మా పాత కమ్మీని గూర్చి అడుగగా, "ఒకసారి వంగిన చోట బలం పోతుందయ్యా, మళ్లీ అక్కడే విరుగుతుంది" అనెను.

పిడులను సబ్బునీటితో జార్చి తీసెను. మీటల పట్టీలను, దీపపు స్విచ్చిని వదులుచేసి తీసెను. క్రొత్త కమ్మీని నడుమ నుంచి, రెండు పట్టీల మరలను ఒక్కొక్కటిగా కాక, మార్చి మార్చి కొంచెము కొంచెముగ బిగించెను. పట్టీకి ఇరువైపుల సందు సమముగ నుండవలెనట. ఆక్సిలరేటరు గొట్టమునకు పలుచగా గ్రీజు పూసెను. క్లచ్చి మీట లాగునపుడు మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు ఊరక కదలునట్లు సరిచూచెను. పొడవైన కేబుళ్లు నాలుగును ఎచ్చటను నలుగక, ఒరయక పోవునట్లు దారి పెట్టెను.

పిదప పరీక్ష. కమ్మీని ఎడమవైపు తుదివరకు, కుడివైపు తుదివరకు త్రిప్పెను. మీటలు ట్యాంకునకు తగులలేదు. ఇంజను నడుపుచు మరల ఇరువైపుల త్రిప్పెను. శబ్దము మారలేదు. "ఇది చూడకుండా బండి ఇయ్యకూడదు" అని మాత్రమనెను. ఈ పరీక్షకు పట్టినది రెండు నిమిషములు.

బుల్లెట్టు చరిత్ర పుస్తకములందు ఇంజను గొప్పయే వ్రాయబడును. 1994లో ఐషర్ సంస్థవారి చేతికి వచ్చుట, 2013లో ఒరగడమున క్రొత్త కర్మాగారము నెలకొల్పుట మున్నగునవి తప్పక వ్రాయవలసినవే. కాని 1955 నాటి రూపము ఇన్నేండ్లు వీథిలో నిలిచినదన్న, దానిని ఆయా మనుషుల కొలతకు, ఆయా దారుల కొలతకు తగ్గట్లు సవరించిన పేరులేని మేస్త్రిల పాలు అందు మెండుగ కలదు. పాతదానిని నిలుపుట యనగా దానిని కదల్చకుండుట కాదు. మార్చవలసిన దానిని మార్చుట, మార్చినదానివెంట మారవలసినవన్నియు మార్చుట. సగము మార్చిన యెడల ఏమగునో తొండయార్‌పేట మలుపున చూచితిమి.

మా ఇంట మనుమలు తమిళ బడులలో చదువుచున్నారు. వారికి తెలుగు నేర్పవలెనని తలచునపుడు మాకు ఆ మేస్త్రి మాటయే జ్ఞప్తికి వచ్చుచుండును. మన చేతుల కొలతను పసివాండ్ర చేతులపై మోపరాదు. అట్లని బండినే అమ్ముకొనరాదు.

ఇప్పుడు శుక్రవారము శుక్రవారము మా ఇంటివారిని వెనుక కూర్చుండబెట్టుకొని తిరువొత్తియూరు గుడికి పోవుచున్నాము. మణికట్ల నొప్పి లేదు. బయలుదేరు ముందు కమ్మీని రెండువైపుల త్రిప్పి చూచుట మాత్రము మానలేదు. వంగిన పాత కమ్మీ మా మిద్దెమీద చిక్కుడుపాదునకు ఊతముగ నున్నది.