చావడి నుంచి కమ్యూనిటీ హాలు దాకా

మా హాస్టల్లో ఆరు నుంచి పది దాకా చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరంలో ఉంది. కిందటి వేసవి సెలవుల్లో కొలత టేపు, పెద్ద డ్రాయింగు పుస్తకం పట్టుకుని బేతంచెర్లలో బస్సు దిగి నేరుగా మా దగ్గరికే వచ్చింది. ఊరి జనమంతా వాడుకునే భవనం ఒకటి డిజైన్ చేసుకు రమ్మని కాలేజీలో చెప్పారట. తను తన తండానే ఎంచుకుంది. "మేడం, మా తండాలో కమ్యూనిటీ హాలు ఉంది గదా, దానికి ఎప్పుడు చూసినా తాళమే. ఇంకొకటి గీసి ఏం జేయాల?" అని అడిగింది.

మా దగ్గర వెంటనే జవాబు లేదు. పిల్లలకు సాంఘికశాస్త్రంలో కోటలు, గుళ్లు చెప్పాం గానీ మన తండా హాలుకు కూడా ఒక చరిత్ర ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. పెద్దవాళ్లను అడిగాం, తెలిసినవి నెమరేసుకున్నాం. సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంఘం వాళ్లు అడిగితే ఇదే రాస్తున్నాం.

మన పూర్వీకులకు భవనం అన్నదే లేదు. వేల ఎద్దులతో కదిలే బంజారా బిడారుల గురించి 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద వేసుకుని దేశం తిరిగారు. సైన్యాలకు గింజలు చేరవేశారు. బిడారు ఆగిన చోట డేరాలు వేసేవాళ్లు. నాయక్ డేరా ముందు ఖాళీ జాగానే పంచాయితీకీ, పెళ్లికీ, ఆటపాటకూ. 19వ శతాబ్దంలో రోడ్లు పడ్డాయి, రైళ్లు వచ్చాయి. బేతంచెర్ల మీదుగా పోయే గుంతకల్లు–నంద్యాల రైలు దారి కూడా ఆ శతాబ్దం చివరిదే. ఎద్దు మోసే సరుకు వ్యాగన్ ఎక్కింది. మనవాళ్లు బతుకు వెతుక్కుంటూ గుట్టల వారగా, చేలకు దగ్గరగా బోద కొట్టాలు వేసుకుని నిలిచిపోయారు. డేరా పోయింది, కొట్టం వచ్చింది, నాయక్ ఇంటి ముందు జాగా మాత్రం అట్లనే మిగిలింది. నేటికీ తీజ్ తొమ్మిది రోజులూ పెళ్లికాని ఆడపిల్లలు మొలకల బుట్టలకు నీళ్లు పోసేది, చుట్టూ తిరిగి పాడేది అక్కడే. పైకప్పు లేకపోయినా అది మన మొదటి ఉమ్మడి కట్టడం అని మేము ఆ అమ్మాయికి చెప్పాం. ఆమె నవ్వి, "మా సార్లు ఒప్పుకోరు మేడం" అంది.

పక్క ఊళ్ల సంగతి వేరు. సీమ పల్లెకు రచ్చకట్ట ఉండేది, చావడి ఉండేది, చాలా ఊళ్లలో పీర్ల చావడి ఉండేది. పాత చావడి మిద్దె చూసిన వాళ్లకు తెలుసు. చేతులు చాచినంత మందం రాతి గోడ. పైన దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద బండలు, ఆ పైన మందంగా చౌడు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు తోలి మెత్తాల, లేదంటే కారుతుంది. ఆ పని ఊరిది. బయట మే నెల ఎండ 44, 45 డిగ్రీలు కాస్తున్నా లోపల అరుగు మీద పడుకుంటే కునుకు పట్టేది. దానికి ప్లాను గీసిన ఇంజనీరు లేడు. కట్టింది వడ్డె మేస్త్రీలు, మట్టి పనివాళ్లు, ఊరి వడ్రంగి. రాయి పక్కనే దొరికేది. బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి పొరలు పొరలుగా పుస్తకం అట్టల మాదిరి పడి ఉంటుంది. గడ్డపారతో పెకలిస్తే పలకలై లేస్తుంది. ఆ రాతిలో ప్రకృతి తొలిచినవే బిల్లసర్గం గుహలు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు అక్కడ తవ్వి పాతకాలపు జంతువుల ఎముకలు బయటికి తీశారు.

అట్లని చావడిని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. రచ్చకట్ట మీద ఎవరు కూచోవాల, ఎవరు కింద నిలబడాల అన్నది కట్టినప్పుడే తేలిపోయిన లెక్క. మొహర్రం రోజుల్లో పీర్ల చావడి ముందు గుండం చుట్టూ అన్ని కులాల వాళ్లూ కలిసేవాళ్లు. మిగతా రోజుల్లో మన వాళ్లది దూరం నుంచి దండం పెట్టే స్థానమే. ఊరి చావడి మనకు ఉమ్మడి కాలేదు.

ఇక సర్కారు మన కోసం అని కట్టిన తొలి కట్టడాల సంగతి చెప్పుకోవాలంటే మనసు బాగుండదు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తరవాత మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. ఎరుకల సోదరుల కోసం కర్నూలు జిల్లాలో సిద్ధాపురం, బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురం లాంటి సెటిల్‌మెంట్లు వెలిశాయి. స్టూవర్ట్‌పురం 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీద మొదలైంది. సెటిల్‌మెంటులో అందరూ ఒక చోట చేరేది హాజరు వేయించుకోవడానికి. మనుషులను లెక్కపెట్టడానికి అనువుగా ఉంటే చాలు, కూచోవడానికి ఎట్లా ఉందో ఎవరికి కావాల? ఆ చట్టం 1952లో రద్దయింది. రోజూ రాత్రి పిల్లల హాజరు తీసుకునే మేము ఈ వాక్యాలు రాస్తూ కాసేపు ఆగిపోయాం.

తరవాత బడులు వచ్చాయి, హాస్టళ్లు వచ్చాయి, కమ్యూనిటీ హాళ్లు వచ్చాయి. వాటి విలువ తక్కువ చేయం. మేము చదువుకున్నది ఆ హాస్టళ్లలోనే. కానీ ఈ భవనాలు వచ్చే తీరు ఒకటే. ఎక్కడో ఆఫీసులో ఒక నమూనా ప్లాను ఉంటుంది. నిధులు మంజూరైతే ఆ ప్లానే అన్ని ఊళ్లకూ పోతుంది. ఎస్టిమేటు తొందరగా తేలుతుంది, టెండరు తొందరగా అవుతుంది. అందులో కుట్ర ఏమీ లేదు, సౌకర్యం ఉంది. అయితే వాన కురిసే చోటికీ, నిప్పులు కురిసే చోటికీ ఒకటే స్లాబు. మా అమ్మాయి తండా హాలు అట్లాంటిదే: నాలుగు గోడలు, ఒక తలుపు, గ్రిల్లు కిటికీలు, ఒక పక్క గట్టు. ఏప్రిల్ వస్తే మధ్యాహ్నం లోపల నిలవలేం. తాళంచెవి ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది. ఇంకో మాట. మన ఆడవాళ్లు, మగవాళ్లు పాలిష్ ఫ్యాక్టరీల్లో పని చేసి పంపే బేతంచెర్ల బండలను ఎక్కడెక్కడి జనమో తొక్కుతున్నారు. ఈ హాల్లో నేలకు వేసింది మాత్రం ఎక్కడినుంచో వచ్చిన టైల్సు.

అమ్మాయి మొదటి రోజు తండా పెద్దలను అడిగింది. ఏసీ పెట్టిన ఫంక్షన్ హాలు కావాలన్నారు. రెండో రోజు నీళ్ల ట్యాంకు దగ్గర ఆడవాళ్ల మధ్య కూచుంది. పుస్తకంలో గీసి చూపిస్తే వాళ్లకు అర్థం కాలేదు. పుల్ల తీసుకుని నేల మీద గీసింది. అప్పుడు మాటలు వచ్చాయి. తెల్లవారుజామున కూలి ఆటో కోసం చలిలో నిలబడతాం, కూచునే తావు లేదు అన్నది ఒకామె. పనికి పోతే చంటిపిల్లలను చూసే చోటు లేదన్నది ఇంకొకామె. మరుగుదొడ్డి అన్నారు. బిందెలు, పెళ్లి పాత్రలు పెట్టుకునే గది అన్నారు. హాలు ఉంది గదా అవ్వా అంటే ఒక ముసలామె, "ఆడ మొగోళ్లు కూచుంటారు పాపా. మాకు యాపచెట్టే మేలు" అంది. ఏసీ ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆమె మాకు ఒక కథ చెప్పింది. మాకు అప్పటిదాకా తెలియదు, మీలో కూడా చాలామందికి కొత్తదే అయి ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశం ఉంది. మనకన్నా పేద దేశం, మన సీమ మాదిరే ఎండ. అక్కడ గాండో అనే పల్లెలో 1965లో ఊరి పెద్దకు మొదటి కొడుకుగా ఫ్రాన్సిస్ కెరె పుట్టాడు. ఆ ఊళ్లో బడి లేదు. చదువు కోసం ఏడేళ్ల వయసులోనే ఇల్లు విడిచి వేరే ఊరు పోయాడు. మన హాస్టలు పిల్లల మాదిరే. ఆ బడిలో ఒక్క గదిలో వందకు పైగా పిల్లలు, గాలి ఆడదు, వెలుతురు రాదు. పెద్దయ్యాక వడ్రంగం నేర్చుకోను స్కాలర్‌షిప్ మీద 1985లో జర్మనీ పోయాడు. తరవాత బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్‌లో చేరాడు. ఇంకా విద్యార్థిగా ఉండగానే, చదువు పూర్తయ్యేదాకా ఆగకుండా, తన ఊరికి బడి కట్టాలనుకుని 1998లో స్నేహితులతో ఒక సంస్థ పెట్టి చందాలు పోగు చేశాడు.

మట్టితో కడతానంటే ఊరివాళ్లు ఒప్పుకోలేదు. పట్నంలో సిమెంటు బడి ఉంది, మాకు మట్టిది ఎందుకన్నారు. మట్టి గోడ వానకు కరుగుతుందని వాళ్లకు అనుభవం. మట్టిలో కొంచెం సిమెంటు కలిపి, అచ్చులో వత్తి, ఇటుకలు చేసి చూపించాడు. చదువు రానివాళ్లకు ప్లాను కాగితం అర్థం కాదని నేల మీద గీశాడు. పిల్లలు పునాదికి రాళ్లు మోశారు, ఆడవాళ్లు నేలను దిమ్మిస చేశారు. మూడు తరగతి గదులు వరసగా, గదికీ గదికీ మధ్య నీడ ఉన్న ఖాళీ. గది పైన ఇటుకల కప్పు, దానికి పైన ఎత్తుగా, మామూలు ఇనుప చువ్వలను వెల్డింగ్ చేసిన చట్రాల మీద రేకులు. రేకు కాలినా ఆ వేడి గదిలోకి దిగదు, నడుమ గాలి పోతూ ఉంటుంది. 2001లో బడి పూర్తయింది. 2004లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. అదే ఏడు ఆయన డిగ్రీ కూడా పూర్తయింది! 2022లో ఆర్కిటెక్టులకు ప్రపంచంలో పెద్దదనే ప్రిట్జ్‌కర్ బహుమతి ఆయనకే ఇచ్చారు. ఆఫ్రికా నుంచి అందుకున్న మొదటివాడు ఆయనే.

బహుమతుల కన్నా ఆ మట్టి తగాదా మాకు పట్టుకుంది. మా అమ్మాయికీ అదే ఎదురైంది. రాతి గోడ అనగానే నాయక్, "మళ్లా మిద్దెలేనా? చౌడు ఎత్తలేకనే గదా స్లాబు ఏసుకునింది" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. ఏటా ఆ చాకిరీ చేసిన వాళ్లే అది వదిలించుకున్నారు. స్లాబు ఇల్లంటే మర్యాద కూడా. మంచి మనసున్న ఆర్కిటెక్టులకు కూడా ఈ మర్యాద సంగతి, బతుకుతెరువు సంగతి తట్టక దెబ్బతిన్న దాఖలాలు ఉన్నాయి. ఈజిప్టులో హసన్ ఫాతీ అనే పెద్దాయన 1940లలో గూర్నా గ్రామస్థులకు మట్టి ఇటుకలతో అందమైన కొత్త ఊరు కట్టాడు. మసీదు, సంత, బడి అన్నీ పెట్టాడు. వాళ్ల బతుకుతెరువు పాత ఊరి సమాధుల దగ్గరే ఉంది, అక్కడినుంచి కదలమన్నారు. ఊరు చాలావరకు ఖాళీగా మిగిలింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఆబర్న్ యూనివర్సిటీ వాళ్లది వేరే దారి. 1993 నుంచి విద్యార్థులను పేద పల్లెల్లోనే ఉంచి కట్టిస్తున్నారు. న్యూబెర్న్ అనే చిన్న ఊళ్లో ఫైర్ స్టేషను అట్లా విద్యార్థుల చేతుల మీద లేచిందే. పాత బ్యాంకు భవనం గ్రంథాలయమైంది.

మా అమ్మాయి గీసినదానికి ముందువైపు గోడే లేదు. చుట్టూ వసారా, కూచోను మెట్లు. గోడలకు ఫ్యాక్టరీల బయట గుట్టలుగా పడి ఉన్న నాపరాతి ముక్కలు. పైన ఎత్తు రేకు, కింద బండల కప్పు. చౌడు లేదు కాబట్టి ఏటా మెత్తే పని లేదు, నాయక్ ఇక్కడ కొంచెం మెత్తబడ్డాడు. ఆటో ఆగే వైపు గట్టు, దీపం. చంటిపిల్లలకు వేపచెట్టు నీడ పడే మూల. తాళం పడేది పాత్రల గదికీ మరుగుదొడ్లకే. మార్కులు ఎన్ని వేశారే అంటే చెప్పలేదు. కట్టాలంటే డబ్బు ఎవరిస్తారు, నమూనా ప్లాను కానిదానికి సంతకం ఎవరు పెడతారు అన్నవి మిగిలే ఉన్నాయి. సంఘం తరఫున అర్జీ రాయడానికి మేము ముందుంటాం.

తల్లిదండ్రులకు, తోటి వార్డెన్లకు ఒక సంగతి చెప్పాలి. ఈ చదువు ఐదేళ్లది. ఇంటర్‌లో గణితం ఉండాల, నాటా లాంటి ప్రవేశ పరీక్ష రాయాల. విజయవాడలో 2008 నుంచి కేంద్ర ప్రభుత్వ ఆర్కిటెక్చర్ కళాశాల ఉంది. మన కడపలోనే 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. మా హాస్టల్లో గోడల మీద బొమ్మలు వేసే పిల్లలకు కొదవ లేదు. పది కాగానే లెక్కలు వద్దని పారిపోయే వాళ్లకూ కొదవ లేదు. మేమే కొందరిని సులువైన గ్రూపులో చేర్చి పంపించాం. అందులో మంచి చెయ్యి ఉన్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ గుర్తొస్తారు.

శ్రావణంలో తీజ్ బుట్టలు పెట్టే రోజుల్లో మళ్లీ వస్తానంది. నాయక్ ఇంటి ముందు జాగాలో వేపచెట్టు నీడ ఎటు పోతుందో పొద్దున్నించి సాయంత్రం దాకా గంటగంటకూ నేల మీద గుర్తు పెట్టాలట. సుద్దముక్కలు మమ్మల్నే తెమ్మంది.