కారులో రోల్ కేజ్ పెట్టిస్తున్నారా? రేసు కారుకు రక్ష.. రోడ్డు కారుకు శిక్ష!

మెదక్: వరికోతలు మొదలయ్యాయంటే చాలు.. మెదక్ చుట్టుపక్కల ఊళ్ల రోడ్లు సగం కల్లాలైపోతాయి. ఒకపక్క ఆరబోసిన వడ్లు, రాత్రైతే వాటి మీద నల్ల టార్పాలిన్, అది ఎగిరిపోకుండా అంచుల్లో బండరాళ్లు. చీకట్లో దగ్గరికొచ్చేదాకా కనిపించవు. స్పీడులో ఉండి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే కారు పల్టీనే. ఇటు నర్సాపూర్ అడవిలో మలుపులు సరేసరి.

ఇలాంటి రోడ్ల మీద తిరిగేవాళ్లకు, అందులోనూ మోడిఫైడ్ జీపుల రీల్స్ చూసేవాళ్లకు ఒక ఆలోచన రావడం సహజం. ‘లోపల ఇనుప పైపులతో రోల్ కేజ్ కట్టిస్తే సరి, ఎన్ని పల్టీలు కొట్టినా మనం సేఫ్ కదా’ అని. రేసు కార్ల విషయంలో ఇది నిజమే. రోజూ ఆఫీసుకు, ఏడుపాయల జాతరకు, పిల్లల స్కూలుకు తిరిగే కారులో మాత్రం లెక్క తిరగబడుతుంది. ఎలాగో చూద్దాం.

అసలు రోల్ కేజ్ అంటే ఏంటి?

కారు లోపల, టాప్ కింద స్టీల్ పైపులతో కట్టే పంజరం ఇది. డ్రైవర్ సీటు వెనక పెద్ద కమాను ఒకటి. ముందు అద్దం పక్కల నుంచి ఇంకో రెండు పైపులు. వీటిని కలుపుతూ అడ్డంగా, ఏటవాలుగా మరికొన్ని. కారు తలకిందులైనా టాప్ నలిగి మనిషి మీద పడకుండా ఆపడమే దీని పని.

ఇందులో ప్రతిదానికీ కొలత ఉంది. అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్స్ సంస్థ ఎఫ్ఐఏ రూల్స్ ప్రకారం వెనక కమానుకు 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం ఉన్న అతుకు లేని స్టీల్ పైపు వాడాలి. లేదంటే 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం. పైపు కాలు ఫ్లోర్‌ను తాకే చోట కనీసం 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు ఉండాలి. ఆ ప్లేటు ఎందుకంటే.. కారు ఫ్లోర్ పల్చటి రేకు. బరువంతా పైపు చివర మీద పడితే అది రేకును చీల్చుకుని కిందికి దిగిపోతుంది. గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో నీళ్ల పైపు వంచి వెల్డింగ్ పెట్టిస్తే చూడటానికి అచ్చం రేసు కారు కేజ్‌లానే ఉంటుంది. పల్టీ కొట్టినప్పుడు తేడా బయటపడుతుంది.

హెల్మెట్ లేని తల.. పక్కనే స్టీల్ పైపు

సరే, పైపు మంచిదే, వెల్డింగ్ కూడా పక్కాగా చేయించారు అనుకుందాం. అప్పుడూ సమస్య తీరదు. అసలు సమస్య మొదలయ్యేదే అక్కడ.

రేసు డ్రైవర్‌ను ఒకసారి గమనించండి. తలకు హెల్మెట్. భుజాలు, నడుము, తొడల మధ్య నుంచి బిగించే ఆరు పట్టీల బెల్టు. ఒంటిని పక్కలకు కదలనివ్వని బకెట్ సీటు. మెడకు హాన్స్ అనే పరికరం. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే అతని తల పైపుకు తగలదు, తగిలినా హెల్మెట్ కాస్తుంది.

మన కారులో ఉండేది మూడు పాయింట్ల బెల్టు. అది మనిషిని సీట్లో ఉంచుతుంది కానీ బిగించి కట్టేయదు. గుద్దుకున్నప్పుడు ఒళ్లు ముందుకు, పక్కకు కదులుతుంది. కంపెనీ వాళ్లు కారును డిజైన్ చేసేటప్పుడే ఆ కదలికకు ఖాళీ జాగా వదులుతారు. మనం సరిగ్గా ఆ జాగాలోనే పైపు పెడుతున్నాం, అదీ కణతకు జానెడు దూరంలో. పల్టీ దాకా ఎందుకు.. వెనక నుంచి ఇంకో బండి ఓ మోస్తరుగా గుద్దినా తల పైపుకు కొట్టుకోవచ్చు.

ఫోమ్ చుట్టిస్తే సరిపోదా అంటారా? ఏసీ పైపులకు చుట్టే మెత్తటి ఫోమ్ వేలితో నొక్కితేనే అణిగిపోతుంది. రేసుల కోసం చేసే ప్యాడింగ్ గట్టిగానే ఉంటుంది, కానీ అది హెల్మెట్ పెట్టుకున్న తలను దృష్టిలో పెట్టుకుని చేసింది.

‘అయితే రేసు బెల్టు కూడా పెట్టిస్తాం’ అనేవాళ్లూ ఉన్నారు. అది ఇంకో ప్రమాదం. భుజాలు కదలకుండా కట్టేసి మెడను వదిలేస్తే, గుద్దుకున్న క్షణంలో తల బరువంతా మెడ మీదే పడుతుంది. అమెరికా నాస్కార్ రేసుల స్టార్ డేల్ ఎర్న్‌హార్ట్ 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో చనిపోయింది పుర్రె అడుగు భాగం విరిగే. అదే ఏడాది అక్టోబర్‌లో నాస్కార్ తల, మెడకు రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేసింది. అంత పెద్ద రేసర్‌కే తప్పలేదు.

ఎయిర్‌బ్యాగ్ సంగతి కూడా ఉంది. పక్క కిటికీల మీదికి తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ టాప్ అంచులోంచి రెప్పపాటు కన్నా తక్కువ టైంలో విచ్చుకుంటుంది. దాని దారిలో పైపు ఉంటే అది సరిగ్గా తెరుచుకోదు. వెనక కూర్చునే పిల్లలు, పెద్దవాళ్ల సంగతి వేరే చెప్పాలా? సొంత కారులోకి ఎక్కాలన్నా దిగాలన్నా పైపులు దాటుకుంటూ వెళ్లాల్సిందే.

మరి థార్‌లో ఉంది కదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2020 అక్టోబర్ 2న వచ్చిన మహీంద్రా థార్‌లో రోల్ కేజ్ కంపెనీదే. అదే ఏడాది నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఆ బండికి 4 స్టార్లు ఇచ్చింది. తేడా ఏంటంటే అక్కడ సీటు, బెల్టు, ఎయిర్‌బ్యాగ్, పైపు అన్నీ ఒకే లెక్కలో డిజైన్ చేసి, గుద్ది చూసి అమ్మారు. తర్వాత మనం కలిపిన పైపును ఎవరూ గుద్ది చూడలేదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి సెక్షన్ 182ఏ చేర్చారు. రూల్స్‌కు విరుద్ధంగా బండిని మార్చిన ఓనర్‌కు 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇక ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పు క్లెయిమ్ టైంలో పేచీకి దారి తీస్తుంది.

బండ్ల ముందు పెట్టించుకునే బుల్ బార్లు గుర్తున్నాయా? వాటిదీ ఇదే కథ. గట్టిగా కనిపించాయని పెట్టించుకున్నాం. దెబ్బను బండి నలిగి తీసుకోకుండా అడ్డుపడుతున్నాయని, ఎదుటి పాదచారులకు ప్రమాదమని 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ వాటిపై చర్యలు తీసుకోవాలని రాష్ట్రాలకు చెప్పింది.

పల్టీలో ప్రాణం తీసేది ఏది?

తెలుగు రాష్ట్రాలు మర్చిపోలేని రెండు ప్రమాదాలు చూడండి. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ దగ్గర రోడ్డు మీద ధాన్యం కుప్పను తప్పించబోయి వాహనం బోల్తా పడింది. శోభా నాగిరెడ్డి బయటికి ఎగిరిపడ్డారు, తర్వాత చనిపోయారు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ నడుపుతున్న కారు పల్టీ కొట్టి ఆయన కూడా బయట పడ్డారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు అప్పుడే చెప్పారు. మనిషి బండిలోంచి బయట పడిపోయాక లోపల ఎంత గట్టి పంజరం ఉన్నా ఏం లాభం? వేలకు వేలు పోసి పైపులు కట్టించేకన్నా వెనక సీట్లో కూడా బెల్టు పెట్టించడం, కొత్త కారు కొనేటప్పుడు ఈఎస్‌సీ ఉందో లేదో అడగడం మేలు. బండి అదుపు తప్పి జారుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టే సిస్టమ్ అది.

నిజంగా రేసుల మీద మోజు ఉన్నవాళ్లకు దారి వేరే ఉంది. ఎఫ్ఎంఎస్‌సీఐ గుర్తింపు ఉన్న ఈవెంట్లు, దానికోసమే విడిగా తయారు చేసిన కారు. దాన్ని ట్రైలర్ మీద తీసుకెళ్తారు, మార్కెట్‌కు కాదు.

ఆ పైపు నిజంగా కావాల్సిన బండి ఒకటుంది

మన దగ్గర కేజ్ అంటే అందరికీ తెలిసింది ట్రాక్టర్ కేజ్ వీల్సే! కానీ బోల్తాకు అడ్డుపడే పైపు అవసరం ఎక్కువగా ఉన్నది కూడా ఆ ట్రాక్టర్‌కే. పొలం బురదలో వెనక చక్రాలు కూరుకుపోయినప్పుడు రేజ్ చేస్తే ముందు భాగం లేచి వెనక్కి పడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. దూకే టైం ఉండదు. అందుకే స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ ఫ్రేమ్ తప్పనిసరి చేసింది, ఆ తర్వాత అక్కడ బోల్తా మరణాలు బాగా పడిపోయాయి. సీటు వెనక నిలబడే ఈ ఫ్రేమ్‌ను రోప్స్ అంటారు. తల చుట్టూ ఇరుకు ఉండదు కాబట్టి దీనికి హెల్మెట్ గొడవ లేదు.

కొత్త ట్రాక్టర్ కొనేవాళ్లు షోరూంలో అడగాల్సింది ఇదే: రోప్స్ ఉందా, దాంతో పాటు సీటు బెల్టు వస్తుందా? ఫ్రేమ్ నిలబెట్టి ఉన్నప్పుడు బెల్టు పెట్టుకోవాలి. ఫ్రేమ్ మడిచి ఉన్నా, అసలు లేకపోయినా బెల్టు పెట్టుకోకూడదు. పెట్టుకుంటే మనిషి ట్రాక్టర్ కిందే ఉండిపోతాడు.