హైమెన్‌డార్ఫు పండితుని నిర్బంధవాసము

విద్యార్థమై దేశాంతరములకు బోయిన పండితులు యుద్ధము వచ్చిపడుటచే నడుమనే నిలిచిపోవుట చరిత్రమున నరుదు గాదు. అట్టి నిలుపుదల యొకటి తెలంగాణమునకు మూడు గ్రంథములను, గోండుభాషకు వాచకములను బ్రసాదించినది. ఆ వృత్తాంతమును విమర్శించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫు 1909 లో వియన్నానగరమున జనించెను. లండనులో మాలినోవ్‌స్కీ పండితునియొద్ద మానవజాతిశాస్త్రమును బరిశీలించి, 1936-37 సంవత్సరములలో నస్సామునందలి కొన్యాక్ నాగులతో వసించెను. 1939 లో భార్యయగు బెట్టీతో గూడ మరల భరతఖండమునకు వచ్చెను. ఆ సెప్టెంబరు 3 వ తేదీని ఇంగ్లండు జర్మనీపై యుద్ధమును బ్రకటించెను. ఆస్ట్రియా 1938 లోనే జర్మనీలో గలుపబడి యుండుటచే నాతని చేతనున్నది జర్మను పాసుపోర్టు. ఇట్లు శాస్త్రజ్ఞుడు శత్రుదేశీయు డయ్యెను.

ఆ యేడు నంగపర్వతమున కేగిన యాస్ట్రియా పర్వతారోహకుడు హారర్ పట్టుపడి డెహరాడూను శిబిరమున బంధింపబడెను. హైమెన్‌డార్ఫునకు మాత్రము హైదరాబాదు సంస్థానపు టెల్లలలో వసించి పరిశోధనము చేసికొన ననుమతి లభించెను. ఆతని గురువు మాలినోవ్‌స్కీకిని నిట్టి గతియే పట్టియుండెను. 1914 లో నాయన ఆస్ట్రేలియాలో విద్వత్సభకు వచ్చియుండగా యుద్ధము పుట్టెను. ఆస్ట్రియా ప్రజ యగుటచే నచ్చటనే నిలిచి ట్రోబ్రియాండు ద్వీపవాసులలో బరిశోధనము చేసి ప్రఖ్యాతి గాంచెను.

సంస్కృతమున నిర్బంధశబ్దమునకు బట్టుదల యని యర్థము. తెలుగున బలాత్కారము, చెఱ యనియు వ్యవహారము. ఈతనియం దా రెండర్థములును నన్వయించినవి. ఎల్లలు దాటరాని యా కాలమున నమ్రాబాదు పీఠభూమియందలి చెంచులను, గోదావరీతీరపు గొండలయందలి కొండరెడ్లను, ఆదిలాబాదు రాజగోండులను వరుసగా బరిశీలించెను. తద్గ్రంథములు 1943, 1945, 1948 సంవత్సరములలో వెలువడెను. చెంచులును కొండరెడ్లును మాటలాడునది తెలుగే. గోండీ తెలుగునకు సోదరభాష. ప్రధానులు కింగ్రీ వాయించుచు గానము చేయు గోండుల పురాణగాథలు లిపి నెఱుగక కంఠములయందే నిలిచినవి.

ఈ పరిశోధనమునకు వెనుక రక్తపాతము కలదు. భూమియు నడవియు చేయిజారిన గోండులు కుమ్రం భీమునితో లేచిరి. 1940 లో జోడేఘాట్‌నొద్ద భీము డీల్గెను. పిదపనే సంస్థానప్రభుత్వము తిరుగుబాటునకు గారణము లరయుమని హైమెన్‌డార్ఫును గోరెను. కాల్చినవారికే యీతడు సలహాదారుడయ్యెనని యాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపము త్రోసివేయదగినది గాదు. కాని యాతడు ప్రభువులకు బ్రియముగా వ్రాయలేదు. అన్యులు భూముల నాక్రమించుటయు, అడవుల నిషేధమును, ఉద్యోగుల పీడనమును గారణములని 1945 నాటి నివేదికలలో స్పష్టపఱచెను. గోండులకు భూమిపట్టాల నిప్పించు యత్నమున బాలుగొనెను. 1943 లో మార్లవాయి గ్రామమున నుపాధ్యాయశిక్షణకేంద్రమును నెలకొల్పించి, దేవనాగరిలిపిలో గోండీవాచకములను సిద్ధము చేయించెను.

మాతృభాషయందు బ్రథమపాఠము నేర్పవలె నను సూత్రమును మన మందఱ మంగీకరింతుము. కాని దానిని గోండుబాలునకు వర్తింపజేసినవాడు పరదేశస్థుడు. మన సిద్దిపేటనుండి యుత్తరముగా గరీంనగరము గడచి గోదావరి దాటినచో నా సీమయే. వియన్నానుండి వచ్చినవానికి గనబడినది మన వ్యాకరణపండితుల దృష్టికి దూరమైపోయెను. ద్రావిడభాషల తారతమ్యము నెఱుగగోరువారికి గోండీ పరిత్యాజ్యము గాదు.

బెట్టీ 1987 లో మరణింపగా నామెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. హైమెన్‌డార్ఫు 1995 లో లండనున దివంగతు డయ్యెను. 2016 లో నేర్పడిన జిల్లాకు గుమ్రం భీముని పేరే పెట్టబడినది. ఆ జిల్లాలోనే మార్లవాయి యున్నది. యుద్ధమును మేలని యెవ్వరు నన జాలరు. కాని చెఱవాసమును విద్యావ్యాసంగముగా మార్చుకొనినవాని ఋణమును మఱువరాదు. ఆ ఋణము తీరుమార్గము స్తుతిపాఠములు గాదు. మిగిలిన గాథలను, పదములను మనమే సేకరించుట.